ఆకు బొమ్మ సరే, రుజువేది?

పాఠకుల ప్రశ్నలు – నిపుణుల జవాబులు

సబ్బు నుంచి అపార్ట్‌మెంట్ దాకా "పర్యావరణ హితం" అని చెప్పుకోని సరుకు ఇప్పుడు బజారులో అరుదు. అందులో నిజమెంత, అబద్ధమైతే ఎవరిని నిలదీయాలి అని ఈ నెల చాలామంది అడిగారు. కొనేవాళ్లతో పాటు తయారుచేసేవాళ్లూ రాశారు. ఒకేలా ఉన్న ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: గిన్నెలు తోమే లిక్విడ్ సీసా మీద పెద్ద ఆకు బొమ్మ వేసి, "ప్రకృతికి మేలు చేసే ఎకో ఫార్ములా" అని రాశారు. వెనక్కి తిప్పి చూస్తే వివరం ఒక్క ముక్క లేదు. ఇలా రాయడం నేరమా? – ఒక గృహిణి, తణుకు

జవాబు: ఆ మాట వాడొద్దని చట్టం అనలేదు. వాడితే రుజువు చూపాలంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, అంటే సీసీపీఏ, 2024 అక్టోబరు 15న గ్రీన్‌వాషింగ్ (రుజువు లేకుండా పర్యావరణ హితమని చెప్పుకోవడం) మీద మార్గదర్శకాలు జారీచేసింది. పేరుకు మార్గదర్శకాలే అయినా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం 18వ సెక్షన్ కింద వచ్చినవి. మీరితే ఆ చట్టంలోని చర్యలే వర్తిస్తాయి.

వాటి ప్రకారం క్లీన్, గ్రీన్, ఎకో ఫ్రెండ్లీ, నేచురల్, ఆర్గానిక్, ప్యూర్, సస్టెయినబుల్, కార్బన్ న్యూట్రల్, భూమికి మంచిది లాంటి గంపగుత్త మాటలను ఉత్తినే వాడకూడదు. ఏ అర్థంలో అంటున్నారో చెప్పాలి, ఆధారం ఉండాలి, ఆ ఆధారం కొనేవాడికి అందాలి. సీసా మీద చోటు లేకపోతే క్యూఆర్ కోడో, వెబ్ లింకో ఇవ్వొచ్చు. ఇంకో ముఖ్యమైన షరతు ఏమిటంటే, గొప్ప దేని గురించో తేల్చి చెప్పాలి. లోపలి లిక్విడా, సీసానా, తయారీ పద్ధతా, వాడాక పారేసే తీరా? సీసా రీసైకిల్ ప్లాస్టిక్‌తో చేసి, మొత్తం సరుకే పచ్చనిదన్నట్టు రాస్తే కుదరదు.

అయితే ఆకు బొమ్మో, పచ్చరంగో కనబడగానే కేసు అనుకోకండి. మోసం చేసే ఉద్దేశం లేని మామూలు రంగులు, బొమ్మలు, ఎవరూ నిజమని నమ్మని అతిశయోక్తులు గ్రీన్‌వాషింగ్ కిందకి రావని అవే మార్గదర్శకాలు అంటున్నాయి. మీ సీసా మీద బొమ్మ ఒక్కటే ఉంటే వదిలేయొచ్చు. "ప్రకృతికి మేలు చేసే" అన్నది మాత్రం వివరణ లేకుండా నిలబడదు.

లెక్కలు చెప్పే సరుకుల దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తన గ్రీన్ గైడ్స్‌లో తివాచీ ఉదాహరణ ఒకటి ఇచ్చింది. రీసైకిల్ సరుకు 2 శాతం నుంచి 3 శాతానికి పెంచి, "ముందుకంటే 50 శాతం ఎక్కువ రీసైకిల్ సరుకు" అని లేబుల్ వేస్తారు. లెక్క తప్పు కాదు. చదివినవాడు మాత్రం రీసైకిల్ సరుకు బాగా పెంచేశారనుకుంటాడు. "40 శాతం తక్కువ నీరు" అని కనబడితే దేనికంటే తక్కువని అడగండి. నిరుటి తమ సరుకుకంటేనా, పక్క కంపెనీ దానికంటేనా? ఆ పోలిక వివరం బయటపెట్టాలని మన మార్గదర్శకాల్లోనూ ఉంది.

ప్రశ్న: మా వీధి స్వీట్ షాపులో ఇచ్చే పలచటి సంచి మీద "నేను ప్లాస్టిక్ కాదు, 100 శాతం బయోడిగ్రేడబుల్" అని ఉంటుంది. అయిదు నెలల కింద మేడ మీద కుండీలో పాతిపెట్టాను. మొన్న తవ్వితే ముక్కలైంది గానీ మట్టిలో కలవలేదు. ఇది మోసమేనా? – ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, గుంటూరు

జవాబు: మోసం కావచ్చు, కాకపోవచ్చు. కుండీ పరీక్షతో అది తేలదు. కారణం సంచిలో కంటే ప్రమాణంలో ఉంది.

మనం మొక్కజొన్న సంచి అని పిలిచేవాటిలో చాలావరకు పిండి ఒక పాలు మాత్రమే. మిగతాది పీబీఏటీ లాంటి పాలిమర్. ఇవి కంపోస్టబుల్ ప్లాస్టిక్ కిందకి వస్తాయి. వీటికి పెట్టిన ప్రమాణం ఐఎస్/ఐఎస్‌ఓ 17088. అది అడిగేది పరిశ్రమ స్థాయి కంపోస్టు కుప్పలో పరీక్ష. అక్కడ వేడి సుమారు 58 డిగ్రీలు. ఆ వేడిలో 12 వారాలు ఉంచి 2 మిల్లీమీటర్ల జల్లెడ పడితే, పైన మిగిలేది అసలు బరువులో 10 శాతం దాటకూడదు. సంచిలోని కర్బనంలో 90 శాతం ఆరు నెలల్లోగా కార్బన్ డయాక్సైడ్‌గా మారిపోవాలి. మీ కుండీలో వేడి ఎండాకాలం కూడా అందులో సగానికి కాస్త ఎక్కువ, అంతే. తడి, సూక్ష్మజీవులు కూడా కంపోస్టు కుప్పలో ఉన్నంత ఉండవు. కాబట్టి అసలైన కంపోస్టబుల్ సంచి కూడా మీ కుండీలో అయిదు నెలలకు మిగిలే ఉండొచ్చు.

తేల్చుకోవాలంటే సంచి మీది అక్షరాలు చదవాలి. ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం కంపోస్టబుల్ సంచి తయారీదారు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర ముందే సర్టిఫికెట్ తీసుకోవాలి. తయారీదారు పేరు, ఆ సర్టిఫికెట్ నంబరు సంచి మీద అచ్చు వేయాలి. సర్టిఫికెట్ పొందిన కంపెనీల జాబితా మండలి వెబ్‌సైట్‌లో ఉంటుంది. అందులో ఆ పేరు వెతకండి. "బయోడిగ్రేడబుల్" అని రాస్తే ఎన్ని రోజుల్లో, ఎక్కడ (మట్టిలోనా, నీళ్లలోనా, డంపింగ్ యార్డులోనా) కలిసిపోతుందో చెప్పాలని 2024 మార్చి సవరణ వచ్చాక నియమం. "100 శాతం బయోడిగ్రేడబుల్" అని వదిలేస్తే చాలదు.

"నేను ప్లాస్టిక్ కాదు" అన్న మాట చూడటానికి ముద్దుగానే ఉంది. నిబంధనలేమో ఈ జాతి మొత్తాన్ని కంపోస్టబుల్ ప్లాస్టిక్ అనే పిలుస్తాయి. సర్టిఫికెట్ నంబరు ఉన్న సంచి మీద కూడా ఈ వాక్యం అభ్యంతరకరమే.

నంబరు లేదు, సంచి పలచన అంటే మామూలు ప్లాస్టిక్‌కే పచ్చరంగు వేశారని అనుమానించాలి. 120 మైక్రాన్లలోపు మామూలు క్యారీ బ్యాగులు 2022 డిసెంబరు 31 నుంచి నిషిద్ధం. కంపోస్టబుల్‌కు ఈ మందం షరతు లేదు. అందుకే పలచటి సంచులకు ఆ ముసుగు వేయడం లాభసాటి. సంచిని పారేయకుండా తేదీ రాసిన కవరులో పెట్టి, షాపు బిల్లుతో కలిపి మున్సిపాలిటీ శానిటరీ ఇన్‌స్పెక్టరుకు, ఒక ప్రతి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి ఇవ్వండి. ఒక్క సంచి విషయంలో సీసీపీఏ కంటే ఈ దారే త్వరగా పనిచేస్తుంది.

ప్రశ్న: టీకొట్టు పేపర్ కప్పుల అట్టపెట్టె మీద "ప్లాస్టిక్ ఫ్రీ" అని చూశాను. నమ్మొచ్చా? – కాకినాడ

జవాబు: ఇంట్లోనే చూడండి. కప్పు చింపి వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టి, తెల్లారాక కాగితాన్ని వేళ్లతో నలపండి. గుజ్జు ఊడిపోయాక చేతిలో పలచటి పారదర్శకమైన పొర మిగిలితే అదే లోపలి పూత. చాలా కప్పుల్లో అది పాలిథిన్. అది లేకపోతే వేడి టీకి కాగితం మెత్తబడిపోతుంది. "ప్లాస్టిక్ ఫ్రీ" అనేది మార్గదర్శకాలు పేరుపెట్టి చెప్పిన మాటల్లో ఒకటి. కంపోస్టబుల్, రీసైక్లబుల్, నాన్ టాక్సిక్, నెట్ జీరో (నికర ఉద్గారాలు సున్నా) లాంటివి కూడా ఆ వరసలోనే ఉన్నాయి. వీటికి నమ్మదగిన సర్టిఫికెట్టో, శాస్త్రీయ ఆధారమో, బయటివారి తనిఖీయో ఉండాలి. పొర కనబడిన కప్పు ఫొటో, అట్టపెట్టె మీది అక్షరాల ఫొటో రెండూ ఉంటే మీ ఫిర్యాదుకు బలం.

ప్రశ్న: తెల్లాపూర్‌లో ఫ్లాట్ బుక్ చేశాం. బ్రోచర్‌లో "ఐజీబీసీ ప్లాటినం గ్రీన్ హోమ్స్, 80 శాతం పచ్చదనం" అని వేశారు. సర్టిఫికెట్ అడిగితే "ప్రీసర్టిఫైడ్" అన్న కాగితం చూపించారు. రెండూ ఒకటేనా? – హైదరాబాద్

జవాబు: ఒకటి కాదు. ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ (ఐజీబీసీ) కార్యాలయం మీ ఊళ్లోనే ఉంది కాబట్టి అడిగి తెలుసుకోవడం కూడా సులువే. ప్రీసర్టిఫికేషన్ డిజైన్ చూసి ఇచ్చేది. నీళ్ల పొదుపు కుళాయిలు, గోడల్లో వేడి రానివ్వని ఏర్పాట్లు, సోలార్, మురుగునీటి శుద్ధి, ఇవన్నీ పెడతామని బిల్డరు కాగితం మీద చెప్పిన మాటకు ఇచ్చే మార్కులు. ఫైనల్ సర్టిఫికేషన్ కట్టడం పూర్తయ్యాక, చెప్పినవి పెట్టారా లేదా చూసి ఇస్తారు. మధ్యలో ఖర్చు తగ్గించుకోడానికి కొన్ని ఎగ్గొడితే ప్లాటినం కాస్తా గోల్డో సిల్వరో కావొచ్చు, అసలు ఫైనల్‌కు వెళ్లకుండా ఆగిపోనూవచ్చు. బ్రోచర్ మీద "ప్రీసర్టిఫైడ్" అన్న మాట చిన్న అక్షరాల్లో వేసి, "ప్లాటినం" పెద్దగా వేయడం పాత చిట్కా.

"80 శాతం పచ్చదనం" దగ్గర రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) వెబ్‌సైట్‌లో మీ ప్రాజెక్టు నంబరు కొట్టి, మంజూరైన ప్లాన్ దించుకోండి. చాలా బ్రోచర్లలో ఓపెన్ స్పేస్ లెక్కను పచ్చదనంగా రాసేస్తారు. ఓపెన్ స్పేస్‌లో కార్లు తిరిగే దారి, ఫైరింజన్ దారి, సెల్లార్ ర్యాంపు అన్నీ కలుస్తాయి. చెట్లు, గడ్డి ఉండే చోటు వేరు.

రెరా చట్టం 12వ సెక్షన్ మీకు అండ. ప్రకటనలోనో బ్రోచర్‌లోనో చెప్పిన అబద్ధాన్ని నమ్మి డబ్బు కట్టి నష్టపోతే పరిహారం ఇవ్వాలి. తప్పుకుంటానంటే మొత్తం డబ్బు వడ్డీతో వెనక్కివ్వాలి. డబ్బు వాపసు, వడ్డీ కోరితే రెరా అథారిటీ దగ్గరకి, నష్టపరిహారం కోరితే న్యాయనిర్ణయాధికారి దగ్గరకి వెళ్లాలి. రెండూ ఒకే దరఖాస్తులో కలిపేసి ఇబ్బంది పడేవాళ్లు చాలామంది. ఇంకా సేల్ అగ్రిమెంట్ రాసుకోకపోతే మాత్రం గొడవ లేని దారి ఉంది. "ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిన ఇన్ని నెలల్లో ఐజీబీసీ ఫైనల్ ప్లాటినం రేటింగ్ తెస్తాం" అన్న వాక్యం అగ్రిమెంట్‌లో పెట్టించండి. బిల్డరు ఆ వాక్యానికి ఒప్పుకోకపోతే మీకు జవాబు దొరికినట్టే.

ప్రశ్న: "పర్యావరణానికి హాని లేని" అన్న ప్రకటన చూసి రూ.18,000 పెట్టి ఒక వాటర్ ప్యూరిఫయర్ కొన్నాం. చెప్పినవన్నీ అబద్ధమని తేలింది. ఎక్కడ, ఎలా ఫిర్యాదు చేయాలి? లాయరు కావాలా? – హనుమకొండ

జవాబు: రెండు తలుపులున్నాయి. ఏది ఎందుకో తెలిస్తే సగం పని అయినట్టే.

మొదటిది సీసీపీఏ. జనం మొత్తాన్ని తప్పుదోవ పట్టించే ప్రకటనను ఆపించడం, మార్పించడం, జరిమానా వేయడం దాని పని. మొదటిసారికి రూ.10 లక్షల దాకా, మళ్లీ చేస్తే రూ.50 లక్షల దాకా జరిమానా వేయగలదు. దీనికి ఫిర్యాదును ఢిల్లీకే పంపనక్కరలేదు. 17వ సెక్షన్ ప్రకారం మీ జిల్లా కలెక్టరుకు ఇచ్చినా చెల్లుతుంది. ఫీజు లేదు. కానీ మీ రూ.18,000 సంగతి సీసీపీఏ తేల్చదు.

రెండోది జిల్లా వినియోగదారుల కమిషన్, జనం నోట ఇప్పటికీ కన్జ్యూమర్ ఫోరమే. మీ డబ్బు, నష్టపరిహారం ఇక్కడ. సరుకుకు కట్టిన ధర రూ.50 లక్షల లోపుంటే జిల్లా కమిషనే వింటుంది. రూ.5 లక్షల లోపైతే ఫీజు సున్నా. కంపెనీ ముంబైలో ఉన్నా మీరు ఉండే ఊళ్లోనే వేయొచ్చు. ఇది 2019 చట్టంతో వచ్చిన వెసులుబాటు. లాయరు తప్పనిసరి కాదు. గడువు మాత్రం రెండేళ్లు.

ముందు సాక్ష్యం పోగుచేయండి. ప్యూరిఫయర్ డబ్బా ఆరు పక్కలా, బ్యాచ్ నంబరు, ఎమ్మార్పీ, తయారీ తేదీ కనబడేలా ఫొటోలు తీయండి. ఆన్‌లైన్ ప్రకటనకు పైన వెబ్ చిరునామా, తేదీ పడేలా స్క్రీన్‌షాట్ తీసి, వీలైతే ఆ పేజీని పీడీఎఫ్‌గా దాచండి. ఫిర్యాదు అందగానే మొదట మాయమయ్యేది ఆ పేజీయే. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయాలి. ఇది లేక స్క్రీన్‌షాట్లు పక్కకు పోయిన కేసులు తక్కువేం కాదు.

తర్వాత కంపెనీకి స్పీడ్ పోస్టులో ఉత్తరం, అదే ఈమెయిల్‌లోనూ. తిట్లొద్దు, మూడే ప్రశ్నలు చాలు. ఈ మాట సరుకులో దేని గురించి? దీనికి ఆధారమైన పరీక్ష ఏది, ఎవరు చేశారు? ఆ రిపోర్టు నాకెక్కడ దొరుకుతుంది? 15 రోజుల గడువివ్వండి. చట్టం ప్రకారం ఈ నోటీసు తప్పనిసరి కాదు. అయినా కంపెనీ మౌనంగా ఉన్నా, పొంతన లేని జవాబిచ్చినా అదే మీ సాక్ష్యాల్లో గట్టిది అవుతుంది. ఆ సమయంలోనే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి డాకెట్ (ఫిర్యాదు) నంబరు తీసుకోండి. చాలా కంపెనీలు ఈ దశలోనే డబ్బు తిరిగిచ్చేస్తాయి.

అక్కడా తెగకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో ఫిర్యాదు దాఖలు చేయండి. అఫిడవిట్ జతచేయాలి. కోరికల్లో డబ్బు వాపసుతో ఆగకండి. తప్పుడు ప్రకటనను సరిదిద్దుతూ కంపెనీ సొంత ఖర్చుతో మరో ప్రకటన వేయాలని ఆదేశించే అధికారం వినియోగదారుల రక్షణ చట్టం 39వ సెక్షన్ కింద కమిషన్‌కు ఉంది. అడిగితేనే గదా ఇచ్చేది. పరీక్ష అవసరమైన సరుకైతే కమిషన్ దాన్ని ల్యాబుకు పంపుతుంది. ఆ ఫీజు ముందు మీచేతే కట్టిస్తారు. అందుకే ఇలాంటి కేసుల్లో సరుకు వాడటం ఆపి, అలాగే ఉంచాలి.

మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పు "మోసం చేశారు" అని రాసి, ప్రకటనలోని అసలు వాక్యాన్ని ఎత్తిరాయకపోవడం. కమిషన్ తూచేది ఆ వాక్యాన్నే. అక్షరం పొల్లుపోకుండా కొటేషన్లో పెట్టండి.

ప్రశ్న: మాది వక్కపట్ట ప్లేట్ల యూనిట్. "100 శాతం నేచురల్, కెమికల్ ఫ్రీ, నాన్ టాక్సిక్, బయోడిగ్రేడబుల్, భూమికి మంచిది" అని లేబుల్ వేస్తున్నాం. అబద్ధమేమీ లేదు గదా, మాకూ ఈ రూల్స్ వర్తిస్తాయా? – రాజమహేంద్రవరం

జవాబు: వర్తిస్తాయి. చిన్న యూనిట్ అని మినహాయింపు లేదు. మీ సరుకు మంచిదే, లేబులే మీమీదకు తెచ్చేలా ఉంది.

"భూమికి మంచిది" తీసేయండి. దాన్ని రుజువు చేయడం ఎవరి తరమూ కాదు. "100 శాతం నేచురల్" బదులు "రాలిన వక్కపట్టను నీటితో కడిగి, వేడి అచ్చులో ఒత్తి చేసినది. జిగురు, పూత కలపలేదు" అని రాయండి. జిగురు కలపకపోతేనే సుమా. కొనేవాడికి కూడా రెండో వాక్యమే ఎక్కువ చెబుతుంది. "బయోడిగ్రేడబుల్" అంటే మీ ప్లేటు ప్లాస్టిక్ కాదు కాబట్టి ప్లాస్టిక్ నిబంధనల సర్టిఫికెట్ అక్కరలేదు. కానీ గ్రీన్‌వాషింగ్ మార్గదర్శకాలు ప్లాస్టిక్‌కే పరిమితం కావు. ఎన్ని రోజుల్లో, ఏ పరిస్థితుల్లో అన్నది ల్యాబు రిపోర్టుతో చెప్పగలిగితేనే ఆ మాట ఉంచండి.

"కెమికల్ ఫ్రీ, నాన్ టాక్సిక్" అన్నవి అన్నిటికంటే ప్రమాదం. వక్కచెట్టులో సహజంగానే అరెకోలిన్ లాంటి ఆల్కలాయిడ్లు ఉంటాయి. పట్టలోంచి ఇలాంటివి ఆహారంలోకి దిగొచ్చన్న ఆందోళనతోనే 2025 మేలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వక్కపట్ట ప్లేట్లను తమ దగ్గర ఆహారానికి వాడేందుకు అనుమతి లేదని ప్రకటించింది. ప్రకృతిలోంచి వచ్చిందల్లా హాని లేనిదని లేబుల్ మీద రాయడం మీ మెడకే చుట్టుకుంటుంది. ఆ మార్కెట్‌కు పంపేవాళ్లు ముందు ఆ అనుమతి సంగతి చూసుకోవాలి.

పాతిక ప్లేట్లకు చుట్టే ష్రింక్ రేపర్ ప్లాస్టిక్ అయితే, "ఈ వివరాలు ప్లేటుకే వర్తిస్తాయి, పై కవరు ప్లాస్టిక్" అని అదే ముఖాన వేయండి. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2022 జూన్ 9న వచ్చిన మార్గదర్శకాల ప్రకారం షరతు కూడా గొప్ప చెప్పిన భాషలోనే ఉండాలి. తెలుగులో గొప్ప చెప్పి, ఇంగ్లిషులో చిన్నగా షరతు వేస్తే కుదరదు.

ఒక ఫైలు పెట్టుకోండి. ముడిసరుకు ఎక్కడిదో తెలిపే బిల్లులు, కడగడానికి ఏం వాడారో, ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపున్న ల్యాబు రిపోర్టు, దాని మీద బ్యాచ్ నంబరు, తేదీ. సప్లయరు మారినా, అచ్చు మారినా పాత రిపోర్టు పనికిరాదు. క్యూఆర్ కోడ్ ఇస్తే ఆ పేజీ తెరుచుకుంటోందా అని నెలకోసారి మీరే స్కాన్ చేసి చూడండి. డొమైన్ డబ్బు కట్టడం మరిచిపోతే, ఆధారం ఉన్నా కొనేవాడికి అందనట్టే లెక్క.

యూరప్‌కు సరుకు పంపే ఆలోచన ఉంటే ఇంకో తేదీ. 2024/825 నంబరు యూరోపియన్ యూనియన్ ఆదేశం 2026 సెప్టెంబరు 27 నుంచి అక్కడ అమలు కావాలి. ఎవరికి వారు గీసుకున్న పచ్చ ముద్రలు, కార్బన్ క్రెడిట్లు (వేరేచోట తగ్గిన ఉద్గారాలకు ఇచ్చే పత్రాలు) కొని "న్యూట్రల్" అనడం ఆ ఆదేశం కింద నిషిద్ధం.

ప్రశ్న: ఇన్‌స్టాలో హోమ్ టిప్స్ రీల్స్ చేస్తాను. కంపెనీ ఇచ్చిన స్క్రిప్ట్ చదివితే నామీద కూడా కేసు పడుతుందా? – విజయవాడ

జవాబు: పడొచ్చు. ప్రచారకర్తకు కూడా అదే రూ.10 లక్షల జరిమానా ఉంది. పైగా ఏడాది దాకా ప్రకటనలు చేయొద్దని ఆపొచ్చు, మళ్లీ చేస్తే మూడేళ్లు. తగిన జాగ్రత్త తీసుకున్నానని చూపగలిగితే జరిమానా పడదు. స్క్రిప్ట్‌లో ప్రతి పచ్చ మాటకూ రిపోర్టు పంపమని ఈమెయిల్‌లో అడగండి. ఫోన్లో అడిగితే దాఖలా ఉండదు. డబ్బో, సరుకో తీసుకున్నట్టు రీల్‌లో చెప్పడం వేరే బాధ్యత, దాన్నీ వదలొద్దు.

ప్రశ్న: ఒక పెద్ద కంపెనీ "2040కి నెట్ జీరో" అని పేపర్లో పేజీ నిండా వేసింది. ఇంకో కంపెనీ "మా ఉత్పత్తి కార్బన్ న్యూట్రల్" అంటోంది. వీటిని ఎలా తూచాలి? – బెంగళూరు

జవాబు: మొదటిది భవిష్యత్తు మాట. అక్కడికి ఎలా చేరతారో స్పష్టంగా, ఆచరించదగ్గ ప్రణాళిక ఉంటేనే అలాంటి మాట చెప్పాలన్నది సీసీపీఏ నియమం. కానీ ఏ సరుకుకూ ముడిపెట్టకుండా, కంపెనీ ఆశయంగా చెప్పుకుంటే గ్రీన్‌వాషింగ్ కిందకి రాదన్న మినహాయింపూ ఉంది. పేజీ నిండా ప్రకటనలు వేసే కంపెనీలు ఈ సందులోంచే దూరతాయి.

షేర్ మార్కెట్లో ఉన్న కంపెనీ అయితే ఇంకో దారి ఉంది. మార్కెట్ విలువలో మొదటి 1000 కంపెనీలు సెబీ నియమం ప్రకారం ఏటా బీఆర్‌ఎస్‌ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత) నివేదిక ఇవ్వాలి. వార్షిక నివేదికలోనే ఉంటుంది. అందులో ఆరో సూత్రం పర్యావరణం. స్కోప్ 1 అంటే సొంత బాయిలర్లు, వాహనాల పొగ. స్కోప్ 2 అంటే కొన్న కరెంటు. ఈ రెండూ తప్పనిసరి పట్టికలో వస్తాయి. సరఫరాదారుల దగ్గర్నుంచి వాడేవాళ్ల దాకా లెక్కయ్యే స్కోప్ 3 ఐచ్ఛిక భాగంలో ఉంటుంది. నిరుటి అంకె పక్కనే ఉంటుంది కాబట్టి ప్రకటనను, పట్టికను పక్కపక్కన పెట్టి చూడండి. ఉద్గారాలు ఏటా పెరుగుతూ, స్కోప్ 3 గడి ఖాళీగా ఉంటే నెట్ జీరో మాట మీద మీకే ఒక అభిప్రాయం వస్తుంది.

రెండోదానికి జర్మనీ తీర్పు ఒకటి తెలుసుకోవాలి. కట్యెస్ అనే మిఠాయి కంపెనీ తమ సరుకంతా "వాతావరణ తటస్థం"గా తయారవుతోందని ప్రకటన వేసింది. వివరాలకు క్యూఆర్ కోడ్ ఇచ్చింది. 2024 జూన్ 27న అక్కడి ఫెడరల్ కోర్టు ఆ ప్రకటన తప్పుదోవ పట్టించేదే అంది. పొగ తగ్గించారా, ఎక్కడో చెట్లు పెంచినందుకు క్రెడిట్లు కొన్నారా అని చదివేవాడికి తెలియదు కాబట్టి, ఆ సంగతి ప్రకటనలోనే చెప్పాలి, వేరే పేజీకి పంపితే చాలదన్నది తీర్పు. మన నియమాలు క్యూఆర్ కోడ్‌ను ఒప్పుకుంటాయి. మా దృష్టిలో అది మెతకదనమే. కొట్టులో నిలబడి స్కాన్ చేసి చదివేవాళ్లు ఎంతమంది?

ప్రశ్న: మెల్‌బోర్న్‌లో ఉంటున్నాం. ఇక్కడి సూపర్ మార్కెట్లో "ఓషన్ ప్లాస్టిక్"తో చేసిన చెత్త సంచులు కొనేవాళ్లం. ఆ కంపెనీకి జరిమానా పడిందన్నారు. ఏం జరిగింది?

జవాబు: అవి గ్లాడ్ సంచులు. నీలి రంగులో, అట్టపెట్టె మీద అలల బొమ్మతో వచ్చేవి. సగం సముద్రపు ప్లాస్టిక్‌తో చేశామని రాశారు. ఆ ప్లాస్టిక్ సముద్రంలోంచి తీసింది కాదు. ఇండోనేసియాలో చెత్త సేకరణ సరిగా లేని ఊళ్లలో, తీరానికి 50 కిలోమీటర్ల లోపల నేల మీద ఏరింది. ఏరడం మంచి పనే, పేరు తప్పు. అక్కడి వినియోగదారుల కమిషన్ ఏసీసీసీ వేసిన కేసులో 2025 ఏప్రిల్‌లో ఫెడరల్ కోర్టు, గ్లాడ్ సంచులు అమ్మే క్లోరాక్స్ ఆస్ట్రేలియాకు 82.5 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది. బ్రిటన్‌లో ఉన్న మనవాళ్ల కోసం ఇంకో మాట. 2025 ఏప్రిల్ 6 నుంచి అక్కడి పోటీ, మార్కెట్ల నియంత్రణ సంస్థ సీఎంఏ కోర్టుకు వెళ్లకుండా తానే జరిమానా వేయగలదు. ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 10 శాతం దాకా ఉండొచ్చు. మన రూ.10 లక్షల పక్కన ఆ అంకె పెట్టి చూస్తే, ఇక్కడి పెద్ద కంపెనీలకు జంకు ఎందుకు లేదో తెలుస్తుంది.

ప్రశ్న: "ఆర్గానిక్ బెల్లం" అని మిలమిల మెరిసే పసుపు రంగు దిమ్మ అమ్ముతున్నారు. ఆర్గానిక్ అని ఎలా తెలుస్తుంది? – అనకాపల్లి

జవాబు: ప్యాకెట్ మీద ఆర్గానిక్ అని వేస్తే 2017 నాటి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నియమాల ప్రకారం ఎన్‌పీఓపీ (బయటి సంస్థ తనిఖీ చేసేది) గానీ పీజీఎస్-ఇండియా (రైతు బృందాలు ఒకరినొకరు తనిఖీ చేసుకునేది) గానీ, ఏదో ఒక సర్టిఫికేషన్ ఉండాలి. పక్కన జైవిక్ భారత్ గుర్తు, 14 అంకెల లైసెన్సు నంబరు చూడండి. "పీజీఎస్-ఇండియా గ్రీన్" అని ఉంటే పొలం ఇంకా మారే దశలో ఉందని అర్థం, పూర్తి ఆర్గానిక్ కాదు. ఏడాదికి రూ.12 లక్షల లోపు టర్నోవర్ ఉన్న చిన్న రైతు నేరుగా మీకు అమ్మితే సర్టిఫికెట్ మినహాయింపు ఉంది, అయితే ఆయన జైవిక్ భారత్ గుర్తు వేసుకోకూడదు. "ప్రకృతి వ్యవసాయం" అన్న మాట ఆర్గానిక్ సర్టిఫికెట్‌కు బదులు కాదు, అది వేరే లెక్క. ఇక రంగు సంగతి మీ ఊరివాళ్లకు మేం చెప్పాలా? హైడ్రోస్ (రంగు తేలడానికి వేసే రసాయనం) వేయకుండా వండిన బెల్లం అంత పసుపు తేలదు. ముదురు గోధుమ రంగుకే దిగుతుంది. నిల్వ ఉన్నకొద్దీ ఇంకా నల్లబడుతుంది.